వెయ్యికి వెయ్యి ఫ్రీ అంటే చేతికొచ్చేది ఎంత? ఆన్‌లైన్ క్యాసినో బోనస్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు బిజినెస్ మ్యాథ్స్ చెబుతాను. ఒకప్పుడు క్లాసు అయిపోయాక నా దగ్గర ఆగే పిల్లలు చక్రవడ్డీ గురించో, బ్యాంకు పరీక్షల గురించో అడిగేవాళ్లు. ఇప్పుడు ఫోను ముందుకు చాపి, "సార్, ఈ ఆఫర్ ఒక్కసారి చూడుండ్రి" అంటున్నారు. కొందరు అప్పటికే డబ్బు వేసి ఉంటారు. కొందరి తల్లిదండ్రులు నాకు ఫోన్ చేస్తారు. అందరికీ చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం చట్టవిరుద్ధం. ఆ సంగతి తర్వాత వివరంగా చెబుతాను. కానీ చట్టం ఒక్కటే చెబితే పిల్లలు ఆగడం లేదు. "ఫ్రీగా వస్తుంటే నాకేం పోతుంది" అన్న ఆలోచన వాళ్లను లోపలికి లాగుతోంది. ఆ ఫ్రీ లెక్క ఏమిటో ముందు చూద్దాం.

వెయ్యి వేస్తే ఇంకో వెయ్యి ఫ్రీ అంటున్నరు సార్. నిజంగ ఇస్తరా?

స్క్రీన్ మీద ఇస్తారు. బ్యాలెన్స్ రెండు వేలు అని కనిపిస్తుంది. అందులో రెండో వెయ్యి మీ డబ్బు కాదు, ఇంకా కాలేదు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. యార్డులోకి వచ్చిన సరుకులో మేలైనదానికి పలికిన ధర అది. మర్నాడు పేపర్లో పడేదీ అదే. ఆ ధర విని బస్తాలు ట్రాలీలో వేసుకొచ్చిన రైతుకు తేమ ఉందనీ, తాలు కలిసిందనీ ముందు ధర తగ్గుతుంది. ఆ మీదట కమీషన్, హమాలీ ఖర్చులు పోతాయి. చివరికి తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీ, మీద కనిపించే అంకె వేరే. మా నాన్న నలభై ఏళ్లు మిర్చి పండించాడు. ఇంటికొచ్చి జెండా ధర గురించి ఎన్నడూ మాట్లాడింది లేదు, పట్టీ మీద అంకె గురించే మాట్లాడేవాడు. బోనస్‌కు కూడా ఈ రెండు అంకెలూ ఉంటాయి. ప్రకటనలో చూపేది జెండా ధర. మనం చూడాల్సింది పట్టీ.

వేజరింగ్ అంటే ఏంది?

బోనస్ డబ్బును బ్యాంకుకు తెచ్చుకునే ముందు ఎంత మొత్తానికి పందేలు కాయాలో చెప్పే షరతు. కొన్ని సైట్లలో రోలోవర్ అంటారు, కొన్నిచోట్ల టర్నోవర్, ఇంకొన్నిచోట్ల ప్లేత్రూ. పేరు ఏదైనా విషయం ఒక్కటే. వెయ్యి రూపాయల బోనస్‌కు 35 రెట్ల వేజరింగ్ అని రాసి ఉంటే, మొత్తం 35,000 రూపాయల పందేలు పూర్తయ్యేదాకా విత్‌డ్రా బటన్ పనిచేయదు, లేదా నొక్కగానే బోనస్ రద్దవుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 35,000 జేబులోంచి తెచ్చి పెట్టాలని అనుకుని భయపడతారు. అలా కాదు. పది రూపాయలు కాస్తారు, ఎనిమిది తిరిగొస్తుంది, మళ్లీ కాస్తారు, పదిహేను వస్తుంది, మళ్లీ కాస్తారు. కాసిన ప్రతి పదీ లెక్కలోకి వెళ్తుంది. ఉన్న రెండు వేలే తిరిగి తిరిగి 35,000 కావాలి. ఈ సంగతి తెలియగానే భయం పోయి ధైర్యం వస్తుంది. అసలు చిక్కు ఆ ధైర్యంలోనే ఉంది.

నా పైసలే కదా తిరిగేది, తిరగనియ్యి. నష్టం ఎక్కడున్నది?

తిరిగిన ప్రతిసారీ కొంత కోత పడుతుంది. రౌలెట్ చక్రం తీసుకోండి. యూరప్ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, ఒక సున్నా, మొత్తం 37 గళ్లు ఉంటాయి. ఒక అంకె మీద రూపాయి పెట్టి గెలిస్తే మీ రూపాయి తిరిగిచ్చి, దానిపైన 35 రూపాయలు ఇస్తారు. అంటే 36 చేతికొస్తాయి. కానీ గెలిచే అవకాశం 37లో ఒకటి. ఆ ఒక్క గడి తేడాతో మీరు కాసిన ప్రతి వంద రూపాయల్లో సగటున 2 రూపాయల 70 పైసలు ఇంటివాడికి, అంటే ఆట నడిపే క్యాసినోకు, మిగులుతాయి. అమెరికా చక్రంలో ఇంకో సున్నా ఉంటుంది, 38 గళ్లు. కోత 5 రూపాయల 26 పైసలకు పెరుగుతుంది. చక్రంలో మోసం అవసరమే లేదు, నిజాయితీగా తిరిగినా ఇదే లెక్క.

స్లాట్ ఆటల్లో, అంటే బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే ఆటల్లో, దీన్ని తిరగేసి రాస్తారు. ఆర్‌టీపీ (రిటర్న్ టు ప్లేయర్) 96 శాతం అంటే వందకు సగటున 96 తిరిగొస్తుంది, 4 పోతుంది. 96 అన్న అంకె చూస్తే డిస్టింక్షన్ మార్కుల్లాగా బాగుంటుంది. కానీ అది ఒక్క తిప్పుడుకు చెప్పిన లెక్క. ఒకే క్వింటా మిర్చిని 35 సార్లు కాంటా మీద పెట్టి, పెట్టిన ప్రతిసారీ తరుగు తీశారనుకోండి. ఒక్కసారి తీసిన తరుగు చిన్నదే. 35 సార్లకు బస్తాలో ఏం మిగులుతుందో రైతు బిడ్డకు నేను చెప్పనక్కర్లేదు.

లెక్క చేసి చూపించండి సార్.

కాగితం తీసుకోండి. డిపాజిట్ 1,000. బోనస్ 1,000. వేజరింగ్ బోనస్ మీద 35 రెట్లు. ఆట 96 శాతం స్లాట్.

తిప్పాల్సింది 35,000. అందులో 4 శాతం కోత అంటే 1,400. బోనస్ వెయ్యి, దాన్ని విడిపించుకోవడానికి అయ్యే ఖర్చు 1,400. ఈ బోనస్ అసలు విలువ మైనస్ 400 రూపాయలు. ఫ్రీగా ఇచ్చిన వెయ్యి మొత్తం పోయి, మీ వెయ్యిలోంచి ఇంకో నాలుగు వందలు కూడా పోతాయని అర్థం.

అదే బోనస్‌కు 10 రెట్ల షరతు ఉంటే 10,000 తిప్పాలి, కోత 400, మిగిలేది 600. కాబట్టి ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్న వెయ్యికి విలువ లేదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న రెట్లే ధరను నిర్ణయిస్తాయి. నేను పిల్లలకు ఒక భాగహారం నేర్పిస్తాను. వందను కోత శాతంతో భాగించండి. 4 శాతం కోతకు 25 వస్తుంది. షరతు 25 రెట్లు దాటితే ఆ బోనస్ సగటున మీ డబ్బే తింటుంది. కోత 6 శాతం ఉన్న ఆటలో ఆ గీత 16 రెట్ల దగ్గరికే వచ్చేస్తుంది. 30, 40 రెట్ల షరతులు ఎంత మామూలో ఆఫర్లు చూసినవాళ్లకు తెలుసు.

ఒకసారి క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "సార్, ఇది పరీక్షలో వస్తదా?" అని అడిగాడు. రాదు అన్నాను. కూర్చుని నోట్సులో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో నాకు ఆ తర్వాత తెలిసింది.

మరి నా దోస్తుకు బోనస్ మీదనే 18 వేలొచ్చినయి. మీ లెక్క తప్పు కదా?

లెక్క తప్పు కాదు, కానీ నేను పైన చెప్పింది సగటు. మీ ప్రశ్న న్యాయమైనది, కాబట్టి లోతుకే వెళ్దాం.

35,000 పూర్తిచేసేదాకా అందరి బ్యాలెన్సూ బతకదు. పందెం పెద్దదైతే చాలామందికి పది, పదిహేను వేలు తిరిగేలోపే రెండు వేలూ సున్నా అవుతాయి. వాళ్ల ఆట అక్కడితో ఆగిపోతుంది కాబట్టి వాళ్లు 35,000 కోతంతా కట్టరు, తమ వెయ్యి పోగొట్టుకుని లేచిపోతారు. కొద్దిమందికి మధ్యలో ఒక పెద్ద గెలుపు తగులుతుంది, వాళ్లు చివరిదాకా వెళ్లి పెద్ద మొత్తంతో బయటపడతారు. ఇలా మధ్యలో ఆగిపోయేవాళ్లను లెక్కలోకి తీసుకుంటే బోనస్ సగటు విలువ నేను చెప్పిన మైనస్ 400 కంటే కొంత మెరుగ్గానే ఉంటుంది. ఇది దాచను. కానీ ఆ సగటు ఎక్కడ నిలబడిందో చూడండి. నూటికి ఎక్కువమంది చేతిలో సున్నా, కొద్దిమంది చేతిలో పెద్ద మొత్తం. సున్నా అయినవాళ్లు ఎవరూ వాట్సాప్ స్టేటస్ పెట్టరు. మీ దోస్తు పెట్టాడు, మీరు చూశారు.

ఆ కొద్దిమంది గెలుపు మీద కూడా రెండు షరతులు కాపు కాస్తుంటాయి. ఒకటి, బోనస్ నడుస్తున్నంతసేపు ఒక్క పందెం ఇంత దాటకూడదన్న హద్దు. పొరపాటున ఒక్కసారి దాటినా, దానితో గెలిచిందంతా రద్దు చేసే హక్కు నిబంధనల్లో రాసుకుంటారు. రెండోది, బోనస్‌తో గెలిచినదాంట్లో గరిష్ఠంగా ఇంతే తీసుకోవచ్చన్న హద్దు. బోనస్‌కు ఐదు రెట్లే అని రాశారనుకోండి, మీకు స్క్రీన్ మీద 18,000 కనిపించినా చేతికొచ్చేది 5,000. పైన చెప్పిన సగటును మోసుకొస్తున్నదే ఆ పెద్ద గెలుపులు. వాటిని నరికేస్తే సగటు మళ్లీ కిందికి పడిపోతుంది. కాబట్టి ఏ ఆఫర్ చూపించినా నేను రెట్ల తర్వాత వెతికేది ఈ గరిష్ఠ విత్‌డ్రా వాక్యమే.

"బోనస్ మీద", "డిపాజిట్ ప్లస్ బోనస్ మీద" అని రెండు తీర్లు రాస్తున్నరు. తేడా ఎంత?

రెట్టింపు. అదే వెయ్యికి వెయ్యి ఆఫర్‌లో 35 రెట్లు రెండింటి మీదా అంటే 70,000 తిప్పాలి. 4 శాతం కోత 2,800. మీ దగ్గర మొత్తం ఉన్నదే రెండు వేలు. కోతే బ్యాలెన్స్‌ను మించిపోయింది. బయటికి "35 రెట్లు" అని ఒకే మాట కనిపిస్తుంది, దేని మీద అన్నది ఇంకో పేజీలో ఉంటుంది.

స్లాట్లు వద్దు, కోత తక్కువున్న బ్లాక్‌జాక్ ఆడి వేజరింగ్ పూర్తి చేస్తే?

తెలివైన ప్రశ్న. బ్లాక్‌జాక్ అనే పేకాటను, ఎప్పుడు ముక్క తీసుకోవాలో ఎప్పుడు ఆగాలో చెప్పే పట్టిక ప్రకారం ఒక్క తప్పు లేకుండా ఆడితే కోత అర శాతం దగ్గరికి దిగుతుంది. ఆ 35,000కు 175 రూపాయలే కదా అనిపిస్తుంది. ఈ ఆలోచన వాళ్లకు మీకన్నా ముందే వచ్చింది. అందుకే ఒక్కో ఆట ఎంత శాతం లెక్కకొస్తుందో వేరే పట్టిక పెడతారు. స్లాట్‌లో కాసిన వంద వందగానే లెక్కకొస్తుంది. బ్లాక్‌జాక్‌లో కాసిన వంద చాలాచోట్ల పదిగానే లెక్క, కొన్నిచోట్ల ఐదు, కొన్నిచోట్ల అసలే రాదు.

పది శాతం అయితే మీరు తిప్పాల్సింది 35,000 కాదు, మూడున్నర లక్షలు. అర శాతం కోతతో 1,750 పోతుంది. స్లాట్‌లో పోయే 1,400 కంటే ఎక్కువ. రౌలెట్‌కూ అదే పది శాతం పెడితే మూడున్నర లక్షల మీద 2.7 శాతం, అంటే 9,450. తక్కువ కోత ఆటను వెతుక్కుని వెళ్లినవాడు ఎక్కువ నష్టంతో తిరిగొస్తాడు.

ఇంకొందరు రౌలెట్‌లో ఎరుపు మీద వంద, నలుపు మీద వంద పెడితే ఏదో ఒకటి వస్తుంది, డబ్బు పోకుండా వేజరింగ్ పూర్తవుతుంది అంటారు. సున్నా పడితే రెండూ పోతాయి, కోత ఎక్కడికీ పోదు. పైగా ఇలాంటి ఆటను "అసాధారణ ఆట" అని పేరు పెట్టి గెలిచినది జప్తు చేసే వాక్యం నిబంధనల్లో ఉంటుంది. అందర్ బాహర్, తీన్ పత్తీ లైవ్ ఆటల సంగతీ అంతే. మన ఇళ్లలో పండక్కి ఆడే ఆటలు కదా అని నమ్మకం కలుగుతుంది. ఇంట్లో ఆడేటప్పుడు ఒకరు పోగొట్టుకుంటే ఇంకొకరు గెలుస్తారు, మధ్యలో కోత ఉండదు. ఇక్కడ అందర్ బాహర్‌లో అందర్ వైపు కాసి గెలిస్తే రూపాయికి 90 పైసలే ఇస్తారు. మొదటి ముక్క అందర్‌కే పడటం వల్ల ఆ వైపు గెలిచే అవకాశం కాస్త ఎక్కువ, నూటికి 51న్నర. ఆ పది పైసల కోతతో అది కూడా పోయి, వందకు రెండు రూపాయలకు పైగా ఇంటివాడికే మిగులుతుంది.

వేజరింగ్ అంతా అయిపోయింది. విత్‌డ్రా కొడితే వెయ్యి తక్కువొచ్చింది. ఎందుకు?

మీకు ఇచ్చింది బహుశా "స్టిక్కీ" బోనస్. ఆడుకోవడానికి మాత్రమే ఇస్తారు, విత్‌డ్రా చేసేటప్పుడు తీసేసుకుంటారు. దానితో గెలిచింది మీది, బోనస్ మొత్తం మీది కాదు. ఈ మాట కూడా నిబంధనల్లోనే ఉంటుంది, ఎవరూ చదవని చోట.

50 ఫ్రీ స్పిన్లు డిపాజిట్ లేకుంటనే ఇస్తరట. ఇందులనైతే పోయేదేం లేదు గద?

ఒక్కో స్పిన్ పది రూపాయలదైతే 50 స్పిన్ల విలువ 500. ఆర్‌టీపీ 96 శాతం లెక్కన సగటున 480 వస్తుంది. ఆ 480 మీద 40 రెట్ల వేజరింగ్ ఉంటే 19,200 తిప్పాలి, కోత 768. వచ్చినదానికన్నా కోతే ఎక్కువ. జేబులోంచి డబ్బు పోకపోయినా మీ ఫోన్ నంబరు, ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు వాళ్ల చేతిలో పడ్డాయి. రేపటి నుంచి రోజుకో మెసేజ్ వస్తుంది. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది మొదలుపెట్టింది ఇక్కడి నుంచే.

క్యాష్‌బ్యాక్?

పోయినదాంట్లో పది శాతం వెనక్కి అంటారు. 5,000 పోతే 500. దానికీ పది రెట్ల షరతు ఉంటే 5,000 తిప్పాలి, 200 కోత, చేతికి 300. ఆ 300 కోసం ముందు 5,000 పోవాలి.

వారం రోజులు గడువిచ్చిండ్రు. సరిపోదా?

పది రూపాయల పందేలతో 35,000 అంటే 3,500 స్పిన్లు. స్పిన్‌కు ఐదు సెకన్లు వేసుకున్నా దాదాపు ఐదు గంటలు ఆగకుండా నొక్కుతూ ఉండాలి. గడువు దగ్గరపడగానే మనిషి పందెం పెంచుతాడు, పదికి బదులు వంద. పందెం పెరిగితే బ్యాలెన్స్ త్వరగా సున్నా అవుతుంది. గడువు పెట్టేది అందుకే. గడువులోపు పూర్తికాకపోతే బోనస్, దానితో గెలిచింది రెండూ పోతాయి.

బయటి దేశాల ఇదంతా చట్టబద్ధమే కదా? అక్కడెట్ల నడుస్తది?

బ్రిటన్‌లో లైసెన్సు ఇచ్చే గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి వేజరింగ్ పది రెట్లు దాటకూడదని నియమం తెచ్చింది. షరతులు అర్థం కాక, పూర్తి చేయాలన్న ఆత్రంలో జనం ఎక్కువసేపు, ఎక్కువ డబ్బుతో ఆడుతున్నారన్నది దాని వెనక ఉన్న ఆందోళన. ఆట చట్టబద్ధమైన దేశమే 35, 40 రెట్లను ప్రమాదమని చూసిందంటే, ఏ లైసెన్సూ వర్తించని చోట నుంచి మనకొచ్చే లింకు గురించి ఆలోచించండి.

తెలంగాణలో ఆడితే కేసు అయితదా?

1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించింది. సైబర్ ప్రపంచాన్ని కూడా జూదగృహం నిర్వచనంలోకి తెచ్చింది. అంతకుముందు నైపుణ్యం ఆట అని రమ్మీకి ఉన్న మినహాయింపు డబ్బు పందెం విషయంలో పోయింది. ఈ చట్టం కింద నడిపేవాళ్ల మీదే కాదు, ఆడుతూ దొరికినవాళ్ల మీద కూడా కేసు పెట్టవచ్చు.

కేంద్రం కూడా 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధిస్తుంది. ఇలాంటి ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. డబ్బు లావాదేవీలు నడిపినవాళ్లకూ మూడేళ్లు, కోటి. ఆ కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష పెట్టలేదు. దాన్ని చూసి "మనకేం కాదు" అనే పిల్లలు రాష్ట్ర చట్టం సంగతి మరచిపోతున్నారు.

రెఫరల్ లింకు గ్రూపుల్లో పెట్టేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా వినాలి. మీ లింకుతో నలుగురు చేరితే మీకు బోనస్ వస్తుందంటారు. ఆ లింకు పంచడం ప్రచారం కిందికే వస్తుంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో సినిమా, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసులు నమోదయ్యాయి, ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని కూడా వేసింది. కాలేజీ గ్రూపులో లింకు పెట్టే పిల్లాడికి వాళ్లకున్నంత పేరూ ఉండదు, వకీలుకు కట్టే స్తోమతా ఉండదు.

వీపీఎన్ పెట్టుకుంటే?

వీపీఎన్ అంటే మీరు ఎక్కడి నుంచి ఆడుతున్నారో దాచే యాప్. ఆడేటప్పుడు పనిచేస్తుంది. విత్‌డ్రా అడిగినప్పుడు చిరునామా రుజువు అడుగుతారు. ఆధార్‌లో వరంగల్ అని ఉంటుంది. నిషేధిత ప్రాంతం నుంచి ఆడారని గెలిచినది రద్దు చేస్తారు. డిపాజిట్ తీసుకునేటప్పుడు ఈ రుజువు అడగరు.

గెలిచిన పైసలు ఇస్తలేరు. ఎవరికి చెప్పాలె?

బాధగానే ఉంటుంది కానీ ఉన్నది చెప్పాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచానని చెప్పే సొమ్ము కోసం కోర్టులో దావా వేయలేరు. నిబంధనలు ఎంత అన్యాయంగా ఉన్నా సైటును నిలదీసే దారి మీకు లేదు. అందుకే వాళ్లు నిబంధనలను అంత ధైర్యంగా రాసుకోగలుగుతారు.

మోసం మాత్రం వేరే సంగతి. "మీ 40 వేలు విడుదల చేయాలంటే ముందు 30 శాతం టాక్స్ కట్టండి" అనో, "అకౌంట్ అన్‌లాక్ ఫీజు పంపండి" అనో అడిగితే ఒక్క రూపాయి పంపవద్దు. పన్ను అనేది ఇచ్చేదాంట్లోంచి కోసుకునేది, ముందుగా మీ దగ్గర వసూలు చేసేది కాదు. అలా పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఆడినందుకు తిడతారేమో అని రెండు రోజులు ఆలోచిస్తే ఆ అవకాశం పోతుంది.

ఇంకొకటి. డిపాజిట్ చేసిన ప్రతిసారీ యూపీఐ ఐడీ మారుతుందని గమనించారా? ఆ ఖాతాలు ఎవరెవరో మనుషుల పేర్ల మీద ఉంటాయి, చాలావరకు అద్దెకు తీసుకున్నవి. వాటిలోంచి మీకు విత్‌డ్రా వస్తే, ఇంకెక్కడో మోసపోయినవాళ్ల డబ్బు మీ ఖాతాలో పడి ఉండొచ్చు. వేరే రాష్ట్రం పోలీసుల నోటీసుతో మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి తన ఖాతాను అన్నకు ఇచ్చింది, అన్న దాంట్లో మూడు వేలు విత్‌డ్రా చేసుకున్నాడు. స్కాలర్‌షిప్ పడే ఖాతా అది. అన్‌ఫ్రీజ్ చేయించుకునేసరికి ఫీజు గడువు దాటిపోయింది. నెలకు ఇంత ఇస్తాం, నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు అని ఎవరైనా అడిగితే, కాజీపేట స్టేషన్ దగ్గర కలుద్దాం అన్నా, టెలిగ్రామ్‌లో పంపు అన్నా, ఇవ్వకండి. ఆ కేసులో మొదట పట్టుకునేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లనే.

గెలిస్తే టాక్స్ ఎంత?

2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం పన్ను. మీ ఆదాయం ఎంత తక్కువైనా సరే, ఆ గెలుపుకు స్లాబు మినహాయింపు వర్తించదు. పై బోనస్ లెక్కల్లో ఈ 30 శాతాన్ని నేను కలపలేదు. కలిపితే ప్లస్‌లో ఉన్న అంకెలు కూడా తగ్గుతాయి.

23 వేలు తిప్పిన, ఇంక 12 వేలే మిగిలింది. మధ్యల ఆపితే ఇన్ని రోజుల కష్టం పోదా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు పిల్లల ముఖాలు చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. వాళ్లు దాన్ని కష్టం అంటున్నారు, పని చేసినట్టు.

తిప్పిన 23 వేల కోత ఎప్పుడో పోయింది, ఆడినా ఆపినా తిరిగిరాదు. ముందున్న 12 వేల గురించి మాత్రమే ఆలోచించండి. దానికి సగటు కోత 480. మీ సొంత డబ్బు ఇంకా ఎంత మిగిలిందో చూడండి. బోనస్ వదులుకుని సొంత బ్యాలెన్స్ తీసుకునే వీలు కొన్ని సైట్లలో ఉంటుంది, బోనస్ రద్దు అన్న బటన్ వెతకండి. వీలుంటే ఈరోజే తీసేయండి. వీలు లేకపోతే వదిలేయండి. మిగిలిన మూడు వందల కోసం ఇంకో వెయ్యి డిపాజిట్ చేసినవాళ్లను నేను లెక్కపెట్టలేనంతమందిని చూశాను.

మా తమ్ముడు ఆపలేకపోతుండు. ఇంట్ల ఎట్ల మాట్లాడాలె?

మా చిన్నమ్మ కొడుకు పరకాల నుంచి ఇక్కడికొచ్చి రూములో ఉండి చదువుకునేవాడు. వాడు సెమిస్టర్ ఫీజు డబ్బుతో మొదలుపెట్టాడు, తర్వాత లోన్ యాప్‌లు. మాకు తెలిసేసరికి లక్షా పది వేలు అయింది. చిన్నాన్న తిట్టాడు, ఫోన్ పగలగొట్టాడు. వాడు స్నేహితుడి ఫోన్‌లో ఆడాడు. తిట్టు వల్ల ఆట ఆగలేదు, దాచిపెట్టడం పెరిగింది.

చివరికి పనిచేసింది వాడి పక్కన కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించడం. పోయిందెంత, వచ్చిందెంత అని వాడి చేతే కూడించాము. వాడి మనసులో ఉన్న అంకె నలభై వేలు. కూడిక దానికి రెండింతలకు పైగా వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే చిన్నమ్మతో నిజం చెప్పాడు.

మీరూ అలాగే మొదలుపెట్టండి. ఎంత పోయింది అన్నది నిలదీసి అడగవద్దు, ఇద్దరూ కలిసి కూడండి. యూపీఐ రోజువారీ పరిమితి బ్యాంకు యాప్‌లోనే తగ్గించుకోవచ్చు, వాడు ఒప్పుకుంటే తగ్గించండి. అప్పులుంటే ఎవరెవరికి ఎంతో ఒక కాగితం మీద రాయించి, ఇంట్లో ఒక పెద్దమనిషి చేతిలో పెట్టండి. లోన్ యాప్ వాళ్లు ఫోటోలు మార్ఫ్ చేసి పంపుతామని బెదిరిస్తే అది నేరం, భయపడి ఇంకో అప్పు చేసి కట్టకుండా 1930కి చెప్పండి. వాడు నిద్రపోకపోయినా, అన్నం ముట్టకపోయినా, "నేను లేకపోతే మీకు ఈ బాధ ఉండదు" లాంటి మాట ఒక్కటి అన్నా ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. వాడు మాట్లాడనంటే ముందు మీరే మాట్లాడండి. మా ఇంట్లో మొదట ఫోన్ చేసింది చిన్నమ్మే.